బందరులో నాన్నగారి ఇల్లు: అమ్మేయాలా, వెళ్ళి ఉండాలా?

గొడుగుపేట గోపి (శనివారం రాత్రి 9:40)
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. వచ్చే జూన్‌లో రిటైర్ అవుతున్నాను. ప్రస్తుతం హైదరాబాదులో అద్దె ఫ్లాటు. పిల్లలిద్దరూ బయటే. బందరు (మచిలీపట్నం) గొడుగుపేటలో నాన్నగారి ఇల్లుంది, పెంకుటిల్లు, ముందు అరుగులు, వెనక నుయ్యి, మొత్తం 260 గజాలు. నాన్నగారు పోయి రెండేళ్ళయింది, అప్పట్నుంచీ తాళమే. తాళంచెవి ఎదురింటి వాళ్ళ దగ్గర ఉంటుంది.

మొన్న సంక్రాంతికి వెళ్ళాం. నా చిన్నప్పుడు రోడ్డు మీద నుంచి మూడు మెట్లెక్కితే అరుగు. ఇప్పుడు రోడ్డు దిగి ఒక మెట్టు కిందికి వెళ్తే అరుగు! రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్తది వేసుకుంటూ పోయారు, నలభై ఏళ్ళలో ఇల్లు గోతిలో పడిపోయింది. వసారా గోడ మీద మోకాలెత్తున నీళ్ళ చార. మా ఆవిడ ఆ చార చూసి "ఇక్కడ నేనుండను" అని అక్కడికక్కడే తేల్చేసింది. నాకేమో అమ్మబుద్ధి కావట్లేదు.

ఊళ్ళో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. అరవై దాటిన ఇద్దరం అక్కడ బతకగలమా? నీళ్ళు, డ్రైనేజీ, ఆస్పత్రి, దోమలు, ఊరి పాలన, అన్నీ. సెంటిమెంటు కబుర్లు వద్దు, అవి నా దగ్గరే బోలెడున్నాయి.

తొక్కుడు లడ్డు (శనివారం రాత్రి 10:05)
అన్నా వచ్చెయ్. దోమల సంగతి అడగకు, అవి మనకంటే ముందు నుంచీ ఉన్నాయి 😀

సీరియస్‌గా చెప్పాలంటే, కోనేరు సెంటర్ దగ్గర మా షాపు, పుట్టి పెరిగింది ఇక్కడే. ఖర్చు తక్కువ, చేపలు తాజా, ఏ పనికైనా బండి మీద పది నిమిషాలు. ఇబ్బందుల్లా వానాకాలమూ, ఎండాకాలమూను. అంటే మిగిలిన నాలుగు నెలలు స్వర్గం. ఎండాకాలంలో కాలవకి నీళ్ళు ఆపేస్తారు కదా, తరకటూరు చెరువులో నిలవ చేసిన నీళ్ళే ఊరికి దిక్కు, ఏప్రిల్ నుంచి మా వీధికి రోజు విడిచి రోజు. బోరు వేసుకుందామా అంటే ఉప్పు నీళ్ళు. మీ నుయ్యి కూడా అంతే, గిన్నెలు తోముకోవడానికి తప్ప పనికిరాదు.

రేవుగాలి (ఆదివారం ఉదయం 6:52)
గోపి గారూ పొరపాటున కూడా అమ్మకండి. తవిసిపూడి దగ్గర పోర్టు పనులు చూశారా? మొదటి దశకే 5 వేల కోట్ల పైచిలుకు. నాలుగు బెర్తులు. పోర్టు అయితే ఈ ఊరు ఈ ఊరులా ఉండదు. ఇప్పుడు అమ్మినవాళ్ళు పదేళ్ళ తర్వాత తల పట్టుకుంటారు. కళ్ళు మూసుకుని ఉంచెయ్యండి.

కవరింగ్ కుర్రాడు (ఆదివారం ఉదయం 8:15)
పోర్టు కబుర్లు మొదలు 🙏

అన్నయ్యా, 2008లో శంకుస్థాపన, 2019 ఫిబ్రవరిలో శంకుస్థాపన, 2023 మేలో శంకుస్థాపన. మూడు ప్రభుత్వాలు, మూడు కొబ్బరికాయలు. మొదటిదానికి నేను స్కూలు పిల్లాణ్ణి, మాస్టారు బస్సెక్కించి తీసుకెళ్తే పులిహోర పొట్లం ఇచ్చారు. మూడోదానికి నాకు పెళ్ళయింది. ఈసారి పనులు నిజంగానే జరుగుతున్నాయి, కాదనను. కానీ పోర్టుకి ఓడ వస్తే మా వీధి మురుగు పోతుందా? విశాఖపట్నంలో పోర్టుంది కదా అని ఊరంతా మేడలైపోలేదు, పోర్టు బొగ్గు దుమ్ము పీల్చేవాళ్ళు కూడా ఉన్నారక్కడ.

నాది చిలకలపూడి. రోల్డుగోల్డు పని. రాగి మీద బంగారు రేకు చుట్టి తీగ లాగే పని తాతల నాటిది, ఇప్పుడు ఎక్కువగా పూత పనే. ఒక్క మాట నిజాయితీగా ఒప్పుకుంటా. ఆ పూత తొట్లలో నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయో మాకు తెలుసు, మీకూ తెలుసు. పోతేపల్లిలో జ్యూయలరీ పార్కు పెట్టిందే పనంతా అక్కడికి తరలాలని. అక్కడికి పోగలిగిన వాళ్ళు పోయారు. ఇంట్లోనే వెనక గదిలో చేసుకునేవాడు, భార్య, తల్లి కలిసి రాళ్ళు అతికించుకునేవాడు ఎలా పోతాడు? వాణ్ణి ఆపితే వాడి పొయ్యి ఆరుతుంది, ఆపకపోతే కాలవ చస్తుంది. ఇందులో ఏది చేస్తారో చెప్పమనండి ఏ కమిషనర్‌నైనా.

ఈడేపల్లి టీచర్ (ఆదివారం ఉదయం 11:20)
గోపి గారూ, నేను ఇక్కడే ఉంటున్నాను, సొంతిల్లు, మా అత్తగారితో. మీరడిగినవాటికి ఒక్కొక్కటిగా రాస్తాను, కొంచెం ఓపిక పట్టండి.

ఆస్పత్రి: ఇది వరకటి కంటే మేలే. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 150 సీట్లు. జ్వరాలకీ, బీపీ షుగర్లకీ, కాన్పులకీ ఊళ్ళో సరిపోతుంది. గుండెకీ మెదడుకీ మాత్రం ఇప్పటికీ విజయవాడే. హైవే నాలుగు లైన్లయ్యాక 70 కిలోమీటర్లూ గంటన్నర లోపే. ఆ గంటన్నర మీ ఆరోగ్యానికి ఎక్కువో తక్కువో మీరే ఆలోచించుకోవాలి.

డ్రైనేజీ: దీని గురించి మా వీధి కథ చెప్తాను. మా వీధిలో 22 ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ కాలవ మీద ర్యాంపు, బండి ఎక్కించుకోవడానికి. మొదట్లో కడప రాళ్ళు పరిచేవాళ్ళు, ఎత్తి శుభ్రం చేసుకునేవాళ్ళు. తర్వాత కాంక్రీటు పోశారు, దాని మీద టైల్సు, దాని మీద తులసికోట ఒకరు, జనరేటరు ఒకరు. కాలవ ఉందన్న సంగతే మరిచిపోయాం. మొన్నటి తుఫానుకి నీళ్ళు ఇళ్ళలోకి వస్తే అందరం బయటికొచ్చి ఒకరినొకరు తిట్టుకున్నాం. మేస్త్రీ వచ్చి గడ్డపార పట్టుకుని "ఎవరి ర్యాంపు ముందు కొట్టమంటారు?" అన్నాడు. ఒక్కళ్ళు మాట్లాడలేదు. చివరికి మా అత్తగారు "మాది కొట్టు నాయనా" అంది. మా ర్యాంపు కిందే దొరికాయి ఆరేడు కొబ్బరి బోండాలు, ఒక చీపురు, ఒక క్రికెట్ బ్యాటు, సిమెంటు బస్తాల సంచులు. ఆ తర్వాత ఇంకో తొమ్మిది ఇళ్ళవాళ్ళు కొట్టించుకున్నారు. మిగతా పన్నెండూ అలాగే ఉన్నాయి. కాబట్టి నీళ్ళు ఇప్పుడు సగం వీధి దాకా చక్కగా వచ్చి అక్కడ ఆగుతున్నాయి.

ఇంకోటి. మా వీధి చివర ఖాళీ స్థలం ఉంది, ఓనరు అమెరికాలో అంటారు. తుమ్మ చెట్లు, పందులు, పాములు. వీధి చెత్త సగం అందులోకే. ఎవరిని అడగాలో తెలీదు.

పాత కాగితం (ఆదివారం మధ్యాహ్నం 2:10)
ఊరు ఎందుకిలా అయ్యిందో తెలియకుండా బాగుచెయ్యలేం కదా, అందుకని రాస్తున్నాను.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో ఇక్కడ దిగారు. అప్పటికి మద్రాసు అనే ఊరే లేదు. వలందపాలెం అంటే వలందుల పాలెం, డచ్చివాళ్ళది. పరాసుపేట అంటే ఫరాసులది. ఇప్పుడా రెండు చోట్లా ఆటో వాడికి ఆ సంగతి చెప్తే మీటరు పెంచుతాడు. రేవు లోతు తగ్గి పెద్ద ఓడలు దూరంగా ఆగిపోవడం ఒక దెబ్బ. 1864 నవంబరు 1 ఉప్పెన ఇంకో దెబ్బ, 30 వేల మంది వరకు పోయారంటారు. ఊరు కోలుకోకముందే సర్కారు పటాలాన్ని ఎత్తేసింది. కోట, డచ్చి సమాధులు మిగిలాయి. 1866లోనే మున్సిపాలిటీ ఏర్పడింది, అంటే పాలనలో మనకి 160 ఏళ్ళ సర్వీసు! రైలు 1908కి గానీ రాలేదు, అప్పటికే కృష్ణ మీద వంతెన పడి బెజవాడ జంక్షనైపోయింది. తర్వాత విశాఖ హార్బరు.

అయినా ఊరు చేతులు ముడుచుకుని కూచోలేదు. కృష్ణా పత్రిక, జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య గారి ఆంధ్రా బ్యాంకు. మా నాన్న ఆ బ్యాంకులో గుమాస్తా. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, లాక్‌డౌన్‌లో. బోర్డు మార్చేటప్పుడు చూసే జనం కూడా లేరు. జిల్లా కేంద్రం అన్న పేరు ఉండేది గానీ అధికారుల క్యాంపు ఆఫీసులు బెజవాడలో. 2022లో ఎన్టీఆర్ జిల్లా విడిపోయాక ఆ గొడవ తీరింది, కానీ జిల్లాలోంచి విజయవాడే పోయింది.

కవరింగ్ కుర్రాడు (ఆదివారం మధ్యాహ్నం 2:31)
మాస్టారూ మీరు రాసేది బాగుంటుంది, నిజం. కానీ 1605తో కాలవ పూడిక తియ్యలేం.

పాత కాగితం (ఆదివారం మధ్యాహ్నం 2:40)
తియ్యలేం బాబూ. కానీ 2001 నుంచి 2011కి దేశంలో ఊళ్ళన్నీ పెరుగుతుంటే మన జనాభా తగ్గి లక్షా 70 వేల దగ్గర ఆగింది. చదువుకున్నవాళ్ళు వెళ్ళిపోతూనే ఉన్నారు, 1864 నుంచీ అదే వరస. మీ కాలవకి డబ్బు కట్టాల్సినవాడు కూకట్‌పల్లిలో ఉన్నాడు.

గొడుగుపేట గోపి (ఆదివారం మధ్యాహ్నం 3:05)
కూకట్‌పల్లి కాదండీ, మియాపూర్ 😐

మాజీ బిల్లు కలెక్టరు (ఆదివారం రాత్రి 8:45)
ఈ చర్చ చూసి ఊరుకోలేకపోతున్నాను. 31 ఏళ్ళు కోస్తా మున్సిపాలిటీల్లో రెవెన్యూ విభాగంలో చేశాను. బందరులో పనిచెయ్యలేదు, మా అమ్మాయిని అక్కడిచ్చాం. కాబట్టి ఇది ఏ ఒక్క ఊరి మీదా ఫిర్యాదు కాదు, పాత ఊళ్ళన్నిటి జాతకమూ ఇంతే.

జనం అనుకునేది, పన్ను కడుతున్నాం, పని జరగట్లేదు, మధ్యలో ఎవడో తినేశాడు అని. తినేవాళ్ళు లేరని నేననను. కానీ తినడానికి కూడా డబ్బుండాలి కదా! పాత పట్టణానికి సొంతంగా వచ్చే ఆదాయం ఆస్తి పన్ను, ఖాళీ స్థల పన్ను, నీటి చార్జీలు, షాపుల అద్దెలు, రిజిస్ట్రేషన్లలో వాటా. కొత్త ఊరైతే రోజుకో అపార్ట్‌మెంటు, ప్లాన్ ఫీజులు, రిజిస్ట్రేషన్లు. పాత ఊళ్ళో కట్టేవాడు లేడు, కొనేవాడు లేడు. వారసులు తేల్చుకోరు. నేను డిమాండ్ నోటీసు పట్టుకుని వెళ్తే తలుపుకి తాళం, పేరు చూస్తే ఆ ఇంటి తాతగారిది, ఆయన పోయి పాతికేళ్ళు. నోటీసు తలుపుకి అతికించి వచ్చేవాణ్ణి. మర్నాడు మేక తినేది, నిజంగానే!

2021 ఏప్రిల్‌కి ముందు అద్దె విలువ మీద పన్ను. ఆ తర్వాత ఆస్తి విలువ మీద. జనం గగ్గోలు పెట్టారు. అది ఊరికే వచ్చింది కాదు. 2020లో కోవిడ్ టైములో రాష్ట్రాలకి అదనపు అప్పు కావాలంటే పట్టణ సంస్కరణలు చెయ్యాలని కేంద్రం షరతు పెట్టింది, అందులో ఇదొకటి. ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా కట్టడి పెట్టారు. అది మంచిదే, కానీ దాని ఫలితం చూడండి. అయిదేళ్ళుగా ఏటా బిల్లు పెరుగుతూనే ఉంది, కట్టేవాడికి మాత్రం వీధిలో ఏమీ మారినట్టు కనపడదు.

గ్రాంట్లు వస్తాయి కదా అంటారు. 15వ ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం నీటికీ, పారిశుద్ధ్యానికీ కట్టేసి ఉంటుంది, దాంతో రోడ్డు వెయ్యకూడదు. కౌన్సిలర్‌కి కావాల్సింది రోడ్డు, ఎందుకంటే రోడ్డుకి కొబ్బరికాయ కొట్టొచ్చు, ఫ్లెక్సీ కట్టొచ్చు. మురుగు కాలవ పూడిక తీసి ఫ్లెక్సీ కట్టినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. అందుకే గోపి గారి అరుగు గోతిలోకి పోయింది. పాత రోడ్డు తవ్వి అదే ఎత్తులో వెయ్యాలంటే ఖర్చెక్కువ, శిథిలాలు ఎక్కడ పొయ్యాలో తెలీదు, ఎలక్షన్ లోపు అవ్వదు. మీద ఒక పొర వేస్తే వారంలో ఫోటో.

ఇంకో చిత్రం వినండి. ఏప్రిల్‌లోనే ఏడాది పన్నంతా కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఏళ్ళ తరబడి ఎగ్గొట్టినవాడికి 2025 మార్చిలో వడ్డీలో సగం మాఫీ. నేను ప్రతి ఏప్రిల్‌లో కట్టే వెధవాయిని.

తొక్కుడు లడ్డు (ఆదివారం రాత్రి 9:02)
సార్ దండం. ఆ మేక సంగతి సూపర్ 😂

సర్కిల్‌పేట చంటి (ఆదివారం రాత్రి 9:30)
అంటే తప్పంతా జనానిదేనా సార్? ర్యాంపు మాది, పన్ను మాది, చెత్త మాది. మరి వాళ్ళెందుకున్నట్టు? చెత్త పన్ను అని వేశారు, ముక్కు పిండి వసూలు చేశారు, అది ఏమైంది?

రేవుగాలి (ఆదివారం రాత్రి 9:41)
అది వేసింది ఎవరో తీసేసింది ఎవరో అందరికీ తెలుసులే బ్రదర్.

సర్కిల్‌పేట చంటి (ఆదివారం రాత్రి 9:44)
అదిగో వచ్చాడు పార్టీవాడు

నిర్వాహకుడు (ఆదివారం రాత్రి 9:58)
పార్టీల గొడవ ఇక్కడ వద్దు. రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఊరి గురించి రాయండి.

మాజీ బిల్లు కలెక్టరు (సోమవారం ఉదయం 7:10)
చంటి గారూ, మీ కోపం న్యాయమే. చెత్త రుసుము 2021లో మొదలైంది, 2024 అక్టోబరు 2న ముఖ్యమంత్రి మీ బందరులోనే సభ పెట్టి రద్దని చెప్పారు, మీకు గుర్తుండే ఉంటుంది. రద్దు చేస్తే చప్పట్లు. కానీ చెత్త బండి డీజిలుతోనే కదా నడిచేది. ఆ డబ్బు ఎక్కడినుంచో తేవాలి, తేకపోతే బండి రెండు రోజులకోసారి వస్తుంది. నేను రుసుము మంచిదనీ అనట్లేదు, పేదవాడికీ పెద్ద మేడకీ చూపించాల్సిన తేడా సరిగ్గా చూపించలేదు. పన్ను వేసినప్పుడు దేనికి ఎంత ఖర్చయిందో వార్డు సచివాలయం గోడ మీద రాసి పెట్టుంటే సగం మంది తిట్టకుండా కట్టేవాళ్ళు. ఆ గోడ మీద ఇప్పుడు పథకాల పోస్టర్లుంటాయి.

"వాళ్ళెందుకున్నట్టు" అన్నారు. వాళ్ళు ఎవరు? 2014లో గెలిచిన కౌన్సిల్ గడువు 2019 జూలైలో అయిపోతే, మళ్ళీ ఎన్నికలు 2021 మార్చిలో. మధ్యలో ఇరవై నెలలు ప్రత్యేకాధికారి. కాలవ ఊడ్చే మనిషి ఆప్కాస్ అనే ప్రభుత్వ సంస్థ కింద అవుట్‌సోర్సింగ్. 2023 డిసెంబరు 26 నుంచి రెండు వారాలు రాష్ట్రమంతా సమ్మె చేశారు గుర్తుందా? అప్పుడు తెలిసింది కదా ఊరు ఎవరి చేతుల్లో ఉందో. పనులు చేసే కాంట్రాక్టరుకి బిల్లు ఎప్పుడొస్తుందో తెలీదు, అందుకని చిన్న ఊళ్ళలో టెండరు పిలిచినా ఒక్కడూ రాని రోజులు నేను చూశాను. కమిషనర్‌కి ఊరు అర్థమయ్యేసరికి బదిలీ. మేయర్ చేతిలో సంతకం ఉంది, ఖజానా లేదు.

ఈడేపల్లి టీచర్ (సోమవారం మధ్యాహ్నం 1:15)
కార్పొరేషన్ అయ్యాక ఏమైనా తేడా వచ్చిందా సార్? 2015లో చేశారు కదా, మాకైతే బోర్డు మారినట్టుంది.

మాజీ బిల్లు కలెక్టరు (సోమవారం మధ్యాహ్నం 1:50)
అమ్మా, కార్పొరేషన్ అంటే మామూలుగా 3 లక్షల జనాభా చూస్తారు. మీకు అందులో సగం పైచిలుకే. హోదా ఇస్తే గ్రాంట్లు పెరుగుతాయని ఆశ. పక్క ఊళ్ళు కలిపితే జనాభా వస్తుంది, కానీ ఏ పంచాయతీ వాడూ కలవడు. కలిస్తే ఉపాధి హామీ పోతుంది, పన్ను పెరుగుతుంది. నేనైనా కలవను.

అట్లాంటా శైలు (సోమవారం రాత్రి 11:25)
టీచర్ గారూ, మీ వీధి చివర తుమ్మచెట్ల స్థలం... పక్కన నీలం రంగు గేటు ఇల్లుందా? రెండో వైపు రైస్‌మిల్లు పాత గోడ?

ఈడేపల్లి టీచర్ (మంగళవారం ఉదయం 5:50)
అవును. గేటు ఇప్పుడు ఆకుపచ్చ.

అట్లాంటా శైలు (మంగళవారం ఉదయం 6:30)
అయితే అది మాదే. సిగ్గుగా ఉంది. మా తాతగారు కొన్నది, అమ్మ పేరు మీదకి మారలేదు, అమ్మ పోయాక మా నలుగురి మధ్యా ఉండిపోయింది. ఒకరు అమ్మేద్దామంటారు, ఒకరు పోర్టు వచ్చాక అంటారు, ఇద్దరం ఏమీ అనం. ఖాళీ స్థలానికి పన్నుంటుందని నాకు నిజంగా తెలీదు. ఇక్కడ మా లాన్‌లో గడ్డి కొంచెం పెరిగితే చాలు, కొట్టించమని లెటరొస్తుంది. వెంటనే కొట్టిస్తాను. అక్కడ 15 ఏళ్ళుగా పాముల్ని పెంచుతున్నానన్నమాట.

తొక్కుడు లడ్డు (మంగళవారం ఉదయం 6:41)
ఇది మామూలు ట్విస్టు కాదు 😳

కవరింగ్ కుర్రాడు (మంగళవారం ఉదయం 8:00)
అక్కా పర్లేదు, చెప్పుకున్నావు, అదే గొప్ప. మా పేటలో ఇలాంటివి లెక్కపెడదామని మొన్న నేనూ మా ఫ్రెండూ బండి మీద తిరిగాం. నాలుగు వీధుల్లో 17 తాళాలేసిన ఇళ్ళు, 9 ఖాళీ స్థలాలు. అందులో అయిదింటి మీద "ఈ స్థలము అమ్మబడదు" అని బోర్డు. కొంటామని ఎవరడిగారో!

మాజీ బిల్లు కలెక్టరు (మంగళవారం ఉదయం 9:20)
శైలు అమ్మా, భయపడకు. ముందు వారసుల ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రాలు, పాత దస్తావేజు కాపీ పట్టుకుని పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టు. మీ నలుగురూ పంచుకోవడం ఎప్పటికో తేలనీ, పన్ను రికార్డులో అందరి పేర్లూ కలిపి ఎక్కించుకోవచ్చు. బకాయి ఎంతో అప్పుడు తేలుతుంది. ఈలోగా పొక్లెయిన్ పెట్టి తుమ్మ కొట్టించి, నాలుగు వైపులా కంచె వెయ్యి. గోడ కడితే మాత్రం కాలవ వదిలి కట్టు, కాలవ మీద కట్టకు. టీచరమ్మ ఊరుకోదు.

అట్లాంటా శైలు (బుధవారం రాత్రి 10:10)
మా వాళ్ళతో ఫోన్లో రెండు గంటలు పట్టింది. తుమ్మ కొట్టించడానికి ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగోవాడు "ఖాళీగా కనపడితే ఎవరైనా ఆక్రమిస్తారు, ముళ్ళుంటేనే సేఫ్" అంటున్నాడు. వాడి మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది, ఏం చెయ్యాలో తెలీట్లేదు.

కవరింగ్ కుర్రాడు (బుధవారం రాత్రి 10:30)
ముళ్ళ కంచె వేస్తే సరి, అటు పందీ రాదు ఇటు కబ్జావాడూ రాడు.

గొడుగుపేట గోపి (శనివారం సాయంత్రం 6:15)
అందరికీ థాంక్స్. గురువారం ఒక్కణ్ణే బందరు వెళ్ళొచ్చాను, బీదర్ ఎక్స్‌ప్రెస్‌లో. మేస్త్రీని పిలిచి ఇల్లు చూపించాను. జాకీలు పెట్టి ఇల్లు మూడడుగులు లేపుతున్నారు కదా, మనదీ లేపుదామన్నాను. ఆయన గోడ మీద వేలితో గీకి చూపించాడు, సున్నమూ మట్టీ రాలింది. "ఇది లేపితే లేవదు సార్, విడిపోద్ది. కింద కాంక్రీటు బెల్టు ఉన్న ఇళ్ళకే జాకీలు" అన్నాడు. రెండు దారులు చెప్పాడు. పడగొట్టి రోడ్డుకి నాలుగడుగుల ఎత్తులో కొత్తది కట్టడం, లేదా ఇల్లు ఉన్నట్టే ఉంచి ముందు అరుగు మీద గట్టు కట్టి, లోపల చిన్న గుంట తవ్వి మోటారు పెట్టడం. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు రోడ్డు మీదకి తోడెయ్యడమన్నమాట. "రోడ్డు మీదకి తోడితే ఎదురింటికి పోతాయి కదయ్యా" అంటే, "వాళ్ళూ మోటారు పెట్టుకుంటారు సార్" అన్నాడు.

కొత్తది కడితే ఏమవుతుందో కూడా ఆలోచించాను. నేను నాలుగడుగులు లేస్తాను, పక్కింటాయన గోతిలో పడతాడు. ఆయన 78 ఏళ్ళ రిటైర్డ్ కోర్టు ఉద్యోగి, మా నాన్నగారితో చదరంగం ఆడేవారు. రేపు రోడ్డు మళ్ళీ వేస్తే మా ఇద్దరికీ అదే గతి.

మాజీ బిల్లు కలెక్టరు (శనివారం సాయంత్రం 6:50)
రోడ్డు వేసే ముందు పాతది గీకి అదే ఎత్తులో వెయ్యమని వీధి వీధంతా సంతకాలు పెట్టి ఇవ్వండి. అంచనాల్లోనే అది రాయించాలి, పని మొదలయ్యాక అరిస్తే లాభం లేదు. ఒకరిద్దరు రాసిస్తే పక్కన పడేస్తారు. వీధంతా రాస్తే, అందులోనూ పన్ను బకాయి లేనివాళ్ళు రాస్తే, ఇంజనీరు చదువుతాడు. నా అనుభవం.

రేవుగాలి (శనివారం రాత్రి 7:15)
అయితే అమ్మేస్తున్నారా ఉంచుతున్నారా? ఆ సంగతి చెప్పకుండా సస్పెన్స్ పెట్టారు.

గొడుగుపేట గోపి (శనివారం రాత్రి 8:30)
ప్రస్తుతానికి అమ్మట్లేదు. అలాగని కట్టడమూ లేదు. రెండేళ్ళ పన్ను బకాయి 7,640 ఉంటే వడ్డీతో సహా కట్టేశాను, మాజీ బిల్లు కలెక్టరు గారి మేక జ్ఞాపకం వచ్చి. ఇల్లు నా పేరు మీదకి మార్చడానికి కాగితాలిచ్చాను. మా ఆవిడతో ఒప్పందం ఏమిటంటే ఏప్రిల్, మే రెండు నెలలు అక్కడ ఉండి చూస్తాం. ఈ ఎండాకాలం గడిస్తే వచ్చే వానాకాలం కూడా చూస్తాం. అప్పుడు తేలుస్తాం. ఆవిడ పెట్టిన షరతులు రెండు, దోమతెరలు, ఏసీ. ఏసీకి ఆ గోడ మేకు ఆపుతుందో లేదో మేస్త్రీని అడగాలి.

పాత కాగితం (శనివారం రాత్రి 8:44)
వచ్చాక ఒకసారి కబురు చెయ్యండి గోపి గారూ. మీ నాన్నగారి చదరంగం బల్ల ఇంకా ఉంటే నేనూ వస్తాను.

గొడుగుపేట గోపి (శనివారం రాత్రి 8:52)
ఉందండీ. ఒక గుర్రం లేదు.

టీచర్ గారూ, లడ్డు తమ్ముడూ, ఏప్రిల్ 2న దిగుతున్నాం. ట్యాంకు నింపుకోవాలి, నీళ్ళు ఏ రోజొస్తాయో చెప్పండి.

తొక్కుడు లడ్డు (శనివారం రాత్రి 9:10)
పోయిన ఎండాకాలం మా వైపు సరి తేదీల్లో వచ్చేవి అన్నా, పొద్దున్నే 5:40కి. నెలకి 31 రోజులుంటే లెక్క తిరగబడుద్ది, అప్పుడు బేసి తేదీలు. గొడుగుపేట సంగతి ఎదురింటి వాళ్ళనడుగు, వాళ్ళ దగ్గర క్యాలెండరు మీద గుర్తులు పెట్టుంటాయి.

ఈడేపల్లి టీచర్ (శనివారం రాత్రి 9:25)
డ్రమ్ము ఒకటి ఎక్కువే కొనుక్కోండి. మూత ఉన్నది.